ఊరు ముందా... ఫ్యాక్టరీ ముందా?

కొత్త వీధికి ముగ్గు పోసేముందు ఆ నేల పాత కథ వినాలి. గోపాలపట్నం ఆ పాఠాన్ని ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది.

విశాఖలో చరిత్ర ఎక్కడుందంటే ఎవరైనా వన్‌టౌన్ వైపే చూపిస్తారు. టౌన్‌హాలు, కురుపాం మార్కెట్, రాణిబొమ్మ... అన్నీ అక్కడే మరి! గోపాలపట్నం అంటే గుర్తొచ్చేది సింహాచలం రైల్వేస్టేషన్, అప్పన్న కొండకి వెళ్లే దారి. కానీ చరిత్రంటే పాత మేడలొక్కటే కాదు. ఒకచోట ఏది ముందొచ్చింది, దాని పక్కకి ఏది ఎప్పుడు చేరింది... అదీ చరిత్రే.

ఊరే దగ్గరికొచ్చింది

గోపాలపట్నం పక్కనే ఉన్న ఆర్.ఆర్.వెంకటాపురంలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ ఫ్యాక్టరీ పెట్టారు. అప్పట్లో అది నగరానికి దూరం, చుట్టూ జనం తక్కువ. 1997లో కొరియా సంస్థ ఎల్‌జీ దాన్ని కొనుక్కుంది. గేటు మీద పేరు మారింది కానీ గోడ కదల్లేదు. కదిలొచ్చింది నగరమే! ఒక్కో కాలనీ చొప్పున ఇళ్లు ఆ గోడ దాకా వచ్చేశాయి. ఫ్యాక్టరీకీ ఊరికీ మధ్య ఉండాల్సిన ఖాళీ చూస్తుండగానే మాయమైంది.

ఆ తెల్లవారుజామున...

2020 మే 7. లాక్‌డౌన్‌తో ఫ్యాక్టరీ ఆగి ఉంది. ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కింది. దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి, తగిన రసాయనం కలుపుతుండాలి. లేదంటే తనలో తానే చర్య జరుపుకుంటూ ఇంకా వేడెక్కుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే ఉక్కిరిబిక్కిరయ్యారు. పన్నెండు మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ జులైలో నివేదిక ఇచ్చింది. నిర్వహణ లోపాల్ని ఎత్తిచూపుతూ, జనావాసాల మధ్యనుంచి ఫ్యాక్టరీని తరలించాలని చెప్పింది. 1984లో భోపాల్‌లోనూ ముందుగా బలైంది ఫ్యాక్టరీని ఆనుకున్న బస్తీలే.

పాత మ్యాపు చెప్పేదేంటి?

ఇలాంటి చోట మళ్లీ ఇళ్లూ రోడ్లూ వేయాలంటే కొలతలొక్కటే చాలవు. ఫ్యాక్టరీ నేలలో ఇన్నేళ్లుగా ఏమేం నిల్వ చేశారు? ఇళ్లు రాకముందు గెడ్డలు ఎటు పారేవి, చెరువులు ఎక్కడుండేవి? ఆపదొస్తే జనం పరుగెత్తడానికి ఏ దారులుండేవి, వాటిలో ఏవి మూసుకుపోయాయి? సగం జవాబులు రెవెన్యూ రికార్డుల్లో ఉంటాయి. మిగతా సగం ఆ ఊళ్లో పుట్టిపెరిగిన ముసలివాళ్ల నోట ఉంటాయి. వాళ్లని అడగడానికి పెద్ద ఖర్చేం కాదు, కాస్త ఓపిక చాలు.

అరవై ఏళ్ల కిందట ఫ్యాక్టరీని దూరంగా పెట్టినవాళ్లది తెలివైన పనే. ఆ దూరాన్ని కాపాడాలన్న సంగతి తర్వాతివాళ్లు మర్చిపోయారు. గోపాలపట్నానికి గీసే ఏ కొత్త ప్లానైనా ముందు ఆ దూరాన్నే గుర్తుపెట్టుకోవాలి.