చిన్న జట్లకు పోటీలు కుదురుట

బాస్కెట్‌బాల్ పోటీలో ఎవరు గెలిచినారో రేడియోలో అందరును విందురు. ఆ పోటీ ఎట్లు కుదిరినదని అడుగువారు అరుదు. పేరున్న జట్టుకు ఆ చిక్కు లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ విశ్వవిద్యాలయముల వంటి చిన్న జట్లకు మాత్రము ఆట కంటె ముందు, తమతో ఆడువారిని వెదకుకొనుటయే ఒక పని.

అమెరికాలో ఈ పని పెద్ద వ్యవహారముగా పెరిగినది. అక్కడ మొదటి తరగతిలో సుమారు 360 కళాశాలల జట్లున్నవి. అవి కాన్ఫరెన్స్ అను కూటములుగా ఏర్పడియున్నవి. జట్టు ఏటా ఆడు ముప్పది చిల్లర పోటీలలో 18, 20 సొంత కూటమిలోనివే. వాటి తేదీలను కూటమియే నిర్ణయించును. తక్కిన పది పన్నెండింటిని శిక్షకుడు కుదుర్చుకొనవలెను. నడిమి స్థాయి జట్టుకు ఇరకాటమిక్కడనే. పెద్ద జట్టు దానిపై గెలిచినచో కొత్తగా వచ్చు కీర్తి లేదు, ఓడినచో తలవంపులు. కనుక చిన్నవారి ఊరికి అది రాదు. ‘మా ఊరికే రండు, సొమ్మిచ్చెదము’ అనును. ఒక్క పోటీకి లక్ష డాలర్ల వరకు ఇచ్చుటయు కలదు. సొమ్ము వచ్చును గాని, ఓటమి కూడ లెక్కలో పడును.

చిన్నవారు తమలో తాము ఆడుకొనిన చాలదా? చాలదు. చివర జరుగు జాతీయ పోటీకి 68 జట్లకే ప్రవేశము. అందు దాదాపు సగము కూటముల విజేతలు. మిగిలినవానిని ఒక సంఘము ఎన్నుకొనును. ప్రత్యర్థి బలమును, ఆడిన స్థలమును లెక్కించు ‘నెట్’ అను కొలమానమును ఆ సంఘము 2018 నుండి చూచుచున్నది. పరాయి ఊరిలోనైతే 75వ స్థానము వరకున్న జట్టును గెలిచినను మొదటి శ్రేణి విజయమే. సొంత ఊరిలో 30వ స్థానము లోపు జట్టును ఓడించవలెను. విచిత్రమేమనగా, మరీ బాగుగా ఆడు చిన్న జట్టును పిలుచుటకు పెద్దలు జంకుదురు. న్యూజెర్సీలోని మాన్మత్ జట్టు 2015-16లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమును, నోటర్ డేమ్‌ను ఓడించినది. అయినను తన కూటమి తుదిపోటీలో ఓడిన పిమ్మట దానిని ఎన్నుకొనలేదు. బలహీనుల చేతిలో పొందిన కొన్ని ఓటములు అడ్డు వచ్చినవి.

మన చిక్కు వేరు. ఇక్కడ సొమ్ము బేరములు లేవు. అసలు పోటీలే తక్కువ. ఈ జిల్లాల కళాశాలలు లోగడ ఉస్మానియాకు అనుబంధములు. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, 2008లో మహబూబ్‌నగరులో పాలమూరు విశ్వవిద్యాలయము వెలసినవి. నాటినుండి మన పిల్లలు సొంత జట్లుగా దక్షిణ మండల పోటీలకు పోవచ్చును. ఎక్కువమందికి అవకాశము దొరకినది, మేలే. కాని ఉస్మానియా జట్టులో చోటు కొరకు పడు పోరాటము పోయినది. మండల పోటీలలో తొలి ఆటలు ఓడినవారు తొలగు పద్ధతివి. నెలల తరబడి అభ్యాసము చేసి, రాత్రంతా రైలులో పోయి, నలుబది నిమిషములాడి తిరిగి వచ్చుటయు జరుగును.

నా దృష్టిలో ఇందుకు ఉపాయము రైలుదారిలోనే ఉన్నది. మహబూబ్‌నగర్ నుండి గద్వాల మీదుగా కర్నూలునకు దారి కలదు. అక్కడ రాయలసీమ విశ్వవిద్యాలయమున్నది. నల్లగొండ నుండి మిర్యాలగూడ మీదుగా గుంటూరునకు పోవచ్చును. దాని చెంతనే నాగార్జున విశ్వవిద్యాలయము. ఒక ఏడు మనము పోవుట, మరు ఏడు వారిని పిలుచుట. బస హాస్టలులోనే. సాయంత్రమొకటి, మరునాటి ఉదయమొకటి ఆడినచో ఒక్క ప్రయాణమునకు రెండు పోటీలు దక్కును. రెండు చోట్ల పరీక్షల తేదీలు కలియకపోవుటయే అసలు కష్టము. ఏ పట్టికలోను చేరని ఆటకు ఖర్చెందుకని అడిగినచో జవాబు చెప్పుటయు తేలిక కాదు. తేదీలు మండల పోటీలకు ముందే పడవలెను; మార్చి వచ్చిన పిమ్మట ఈ మెట్టసీమలో సిమెంటు నేలపై పట్టపగలు ఎవ్వరును ఆడలేరు.