బడి భాష మనకు రాకపోయినా బిడ్డ చదువుకు తోడుండొచ్చు

హోసూరు, బళ్లారి, బరంపురం, సోలాపూర్... ఊరు ఏదైనా మన ఇళ్లలో మాట తెలుగు. పిల్లలు బడి గుమ్మం దాటగానే ఒకచోట తమిళం, ఒకచోట కన్నడం, ఇంకోచోట ఒడియా, మరాఠీ. యానాంలో ఊరంతా తెలుగే అయినా, ఇంగ్లీషు మీడియంలో చేరిన పిల్లలకు ఇలాంటి ఇబ్బందే.

ఇంట్లో వాగుడుకాయగా తిరిగే బిడ్డ బడిలో మూగనోము పట్టినట్టు కూర్చోవడం చాలామంది తల్లులు చూసే ఉంటారు. దాన్ని చూసి "చదువులో మందం" అని ముద్ర వేస్తే అది ఏళ్లతరబడి పోదు. ఇటు తల్లిదండ్రులేమో "మాకు ఆ అక్షరాలే రావు, మేమేం చెప్పగలం" అని బడి వైపు వెళ్లడమే మానేస్తారు. నిజానికి బడి భాష రాని అమ్మానాన్నలు చేయగలిగింది చాలా ఉంది. అదీ తెలుగులోనే.

తెలుగు మానేస్తే చదువు వస్తుందా?

"ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడండి" అని కొందరు సలహా ఇస్తారు. రాష్ట్ర భాష బాగా రావాలన్నది నిజమే. తమిళనాడు 2006లో, కర్ణాటక 2015లో, మహారాష్ట్ర 2020లో బడుల్లో తమ భాషను తప్పనిసరి చేస్తూ చట్టాలు తెచ్చాయి. ఉద్యోగానికైనా, ఊళ్లో బతుకుకైనా ఆ భాష కావాలి. కానీ దానికోసం తెలుగు మానక్కర్లేదు.

పావుకిలో, అరకిలో, ముప్పావు అంటే ఏమిటో అంగడికి వెళ్లే పిల్లలకు తెలుసు. భిన్నాల పాఠంలో సగం అక్కడే ఉంది. తమిళంలో దాన్నే కాల్, అరై, ముక్కాల్ అంటారని తెలుసుకుంటే చాలు. విషయం ఒక భాషలో అర్థమైతే రెండో భాషలో నేర్చుకోవాల్సింది మాట ఒక్కటే. విషయమే అర్థం కాకపోతే ఏ భాషలో బట్టీ పట్టినా నిలవదు. పైగా వచ్చీరాని భాషలో మాట్లాడే తల్లిదండ్రులు మాటలు తగ్గించేస్తారు. కథలు, కబుర్లు, "ఎందుకు" అనే ప్రశ్నలు ఇంట్లోంచి పోతాయి. బిడ్డకు అదే పెద్ద నష్టం.

తప్పు ఎక్కడినుంచి వస్తోంది?

తెలుగులో "చెల్లి వచ్చింది", "ఆవు వచ్చింది" అంటాం. రెండింటికీ క్రియ ఒకటే. కన్నడంలో చెల్లి అయితే "బందళు", ఆవు అయితే "బంతు". తమిళంలో "వందాళ్", "వందదు". మన పిల్లలు తెలుగు అలవాటుతో చెల్లికి కూడా ఆవు మాట వాడితే క్లాసంతా నవ్వుతుంది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కాబట్టి చదివేటప్పుడు తడబడతారు. ఇవి తెలివితక్కువ వల్ల వచ్చే తప్పులు కావు. ఒక భాష తెలిసినవాళ్లు రెండో భాషలో చేసే మామూలు తప్పులు. ఈ మాట బిడ్డకు చెప్పండి, టీచరుకూ చెప్పండి.

అదే పాఠం తెలుగులో చెప్పినా బిడ్డకు అంతుపట్టకపోతే అప్పుడు సంగతి వేరు. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. ఆ తర్వాత పిల్లల డాక్టరు సలహా తీసుకోండి.

రోజుకు పావుగంట

"ఈరోజు ఏం చెప్పారు?" అంటే "ఏం లేదు" అనే జవాబే వస్తుంది. "పక్కన ఎవరు కూర్చున్నారు? టీచరు బోర్డు మీద ఏం గీశారు? ఏది అర్థం కాలేదు?" అని అడగండి. ఆ పాఠాన్ని తెలుగులో మీకు చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైనట్టే. ఆగిన చోటు గుర్తుపెట్టి, మర్నాడు టీచరును అడగమనండి. పుస్తకం బిగ్గరగా చదివించండి. మీకు అక్షరాలు రాకపోయినా ఎక్కడ నట్టుతున్నారో వినిపిస్తుంది.

వారానికి కొంతసేపు తెలుగు అక్షరాలూ నేర్పండి. కన్నడ లిపి, తెలుగు లిపి అక్కచెల్లెళ్లలాంటివి. ఒకటి వస్తే రెండోది సులువు.

టీచరును కలవండి

బడి తెరిచిన మొదటి నెలలోనే ఒకసారి వెళ్లండి. భాష రాకపోతే పక్కింటివాళ్లనో, పెద్ద తరగతి చదివే పిల్లలనో తోడు తీసుకెళ్లండి. "మా ఇంట్లో మాట తెలుగు" అని ముందే చెప్పండి. మూడు సంగతులు అడగండి: క్లాసులో మాట్లాడుతున్నాడా? స్నేహితులు ఉన్నారా? ఏ పాఠంలో వెనకబడ్డాడు? వీలైతే రెండు భాషలూ వచ్చిన పిల్లల పక్కన కూర్చోబెట్టమని కోరండి.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మన ఇళ్లనుంచి ఒక్కరైనా అందులో ఉంటే మన పిల్లల మాట అక్కడ వినపడుతుంది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు రాష్ట్రాలు తగిన సౌకర్యం కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. తెలుగు చెప్పమని కోరేటప్పుడు ఒక్కరుగా కాక, నలుగురు తల్లిదండ్రులు సంతకాలు చేసి అర్జీ రూపంలో ఇవ్వండి.

బెంగను కనిపెట్టండి

సోమవారం పొద్దున్నే కడుపునొప్పి, ఉన్నట్టుండి మౌనం, నిద్రలో ఉలికిపాటు, సామాన్లు తరచూ పోవడం... ఇవన్నీ చదువుమీద బద్ధకం అనుకోకండి. యాసను వెక్కిరిస్తున్నారేమో, ఎవరైనా కొడుతున్నారేమో మెల్లగా అడగండి. "నువ్వూ కొట్టు" అని గానీ, "అంతమాత్రానికే ఏడుస్తావా" అని గానీ అనకండి. ముందు పూర్తిగా వినండి.

తెలుగు మాట్లాడినందుకు కొట్టినా, అందరి ముందూ అవమానించినా అది క్రమశిక్షణ కాదు. శారీరక దండననూ మానసిక వేధింపునూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ముందు టీచరుతో, తర్వాత ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడండి. అప్పటికీ ఆగకపోతే రాసి ఇచ్చి, నకలు దగ్గర పెట్టుకోండి. బిడ్డ ఆపదలో ఉంటే 1098కు ఫోన్ చేయండి. దిగులు, భయం తగ్గకపోతే టెలీ మానస్ నంబరు 14416. ఇది డబ్బు కట్టక్కర్లేని సేవ. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

మార్కుల కార్డు వచ్చిన రోజు కూడా ఇదంతా గుర్తుంచుకోండి. గణితంలో తక్కువ వచ్చిందా, లేక గణితం ప్రశ్నలోని భాష అర్థం కాలేదా? తిట్టడానికి ముందు ఆ ప్రశ్నను తెలుగులో అడిగి చూడండి. జవాబు చెబితే బిడ్డకు కావాల్సింది ట్యూషను కాదు, నాలుగు కొత్త మాటలు.