స్టార్లు చూసి తిందామా?

మన హాస్టల్ నుంచి పీజీకి నగరం వెళ్ళిన మేము నలుగురం పరీక్షల ముందు ఒక హోటల్లో బిర్యానీ తిన్నాం. ఫోన్లో దానికి నాలుగున్నర స్టార్లు. తెల్లారేసరికి ముగ్గురం వాంతులతో పడ్డాం. ఒకరికి పేపరే పోయింది. మరి ఆ స్టార్లు దేన్ని కొలిచినట్టు?

రివ్యూ రాసేవారు చూసేది రుచి, ధర, సర్వర్ మర్యాద. వంటగది కనిపించదు. పైగా కలుషిత ఆహారం ప్రభావం కొన్ని గంటలకో, రోజులకో బయటపడుతుంది. అప్పటికి స్టార్లు ఇచ్చేసి ఉంటాం!

అలాగని రివ్యూలు వట్టివని కాదు. న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ 2012 జూలై నుంచి 2013 మార్చి వరకు 'యెల్ప్'లో వచ్చిన సుమారు 2,94,000 రివ్యూలను కంప్యూటరుతో జల్లెడ పట్టించింది. ఈమధ్యే తిని జబ్బుపడ్డామన్నవి 468 తేలాయి. వాటిలో నూటికి మూడు మాత్రమే నగర ఫిర్యాదుల నంబరుకు చేరాయట. బాధితులతో మాట్లాడితే, అంతవరకు ఎవరికీ తెలియని సామూహిక అస్వస్థత ఘటనలు మూడు బయటపడ్డాయి. ఆ హోటళ్ళను తనిఖీ చేస్తే లోపాలూ దొరికాయి.

అందుకే మేమిప్పుడు సగటు చూడం. ఒక్క స్టారువి, కొత్తవి ముందు చదువుతాం. 'బాగోలేదు' అంటే వదిలేస్తాం, 'బొద్దింక', 'పాచి వాసన', 'విరేచనాలు' అంటే ఆగుతాం. గోడ మీది 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కూడా చూస్తాం, అది ఉన్నంత మాత్రాన ఈ రోజు వంటగది శుభ్రమని కాదు.

మన మెస్సులో సాంబారు పులిస్తే వంటమనిషికి ముఖం మీదే చెప్పేవాళ్ళం. ఆ హోటల్ గురించి మాత్రం ముగ్గురిలో ఒక్కరం కూడా రాయలేదు. మొన్న ఈ వ్యాసానికి కూర్చున్నాకే రాశాం.