పార్కిన్సన్స్ పరిశోధనకు నిధులు: ఎంపీని అడిగితే ఏమవుతుంది?

ద్వారక నుంచి మెట్రోలో బయలుదేరి, రాజీవ్ చౌక్‌లో రైలు మారి, పటేల్ చౌక్‌లో దిగితే పార్లమెంటు అక్కడికి దగ్గరే. అదే ద్వారక నుంచి ఎదురు దిశలో ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకుని, ఖేర్కీ దౌలా దాటి ఇంకొంత దూరం వెళితే మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం వస్తుంది. ప్రజాధనానికి ఆమోదం తెలిపేది ఒకచోట, ఆ ధనంతో మెదడు మీద పరిశోధన జరిగేది మరోచోట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ రెండింటి నడుమ ఉన్న ద్వారకలో ఉన్నాయి. పార్కిన్సన్స్ ప్రధానంగా వయసు మళ్లినవారికి వచ్చే వ్యాధి. ఇంట్లో ఒకరికి ఈ వ్యాధి ఉందని తేలినప్పుడు, దీనిపై పరిశోధనకు ప్రభుత్వం మరింత ఖర్చు చేయాలని అడగదలచిన పౌరుడు ఎవరి తలుపు తట్టాలి?

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని 1817లో వర్ణించారు. మెదడులో డోపమైన్‌ను తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల చేతులు వణుకుతాయి, కండరాలు బిగుసుకుంటాయి, నడక మందగిస్తుంది. ప్రధాన ఔషధం లెవోడోపా. ఈ పదార్థాన్ని దూలగొండి గింజల నుంచి వేరుచేసినట్లు మద్రాసు పరిశోధకులు దామోదరన్, రామస్వామి 1937లోనే ప్రకటించారు. అది పార్కిన్సన్స్‌కు మందుగా స్థిరపడింది మాత్రం 1960లలో, విదేశాల్లో. ఈ మందు లక్షణాలను అదుపు చేస్తుంది గానీ కణాల నాశనాన్ని ఆపలేదు. ఆపగల మందు ఇంతవరకు ప్రపంచంలో ఎక్కడా లేదు. 2019 నాటికి ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల మందికి పైగా ఈ వ్యాధితో జీవిస్తున్నారని, పాతికేళ్లలో ఆ సంఖ్య రెట్టింపయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

విదేశాల్లో మందు కనుగొన్నాక ఇక్కడికి తెచ్చుకుంటే సరిపోదా అన్న సందేహం సహజం. అయితే వ్యాధికి దారితీసే జన్యు కారణాలు అన్ని జాతుల్లో ఒకేలా లేవు. ఎల్ఆర్ఆర్‌కే2 అనే జన్యువులోని ఒక మార్పు ఉత్తర ఆఫ్రికా బెర్బర్లలోను, అష్కెనాజీ యూదులలోను తరచుగా కనిపిస్తుంది. భారతీయ రోగుల్లో అది అరుదు. అటువంటి మార్పును లక్ష్యంగా చేసుకుని రూపొందిన మందు ఇక్కడివారికి ఎంతవరకు ఉపకరిస్తుందో ఇక్కడి రోగులను పరిశీలిస్తేనే తెలుస్తుంది. బొంబాయి పార్సీలలో లక్షకు 328 మందికి ఈ వ్యాధి ఉన్నట్లు 1988లో వెలువడిన అధ్యయనం చూపింది. ఒక చిన్న సమాజంలో ఇల్లిల్లూ తిరిగి లెక్కించినందువల్ల తేలిన సంఖ్య అది. క్యాన్సర్‌కు భారత వైద్య పరిశోధన మండలి నడిపే జాతీయ నమోదు కార్యక్రమం ఉంది. పార్కిన్సన్స్‌కు ఆ స్థాయి నమోదు లేదు. 10,000 మంది రోగులు, 10,000 మంది ఇతరుల జన్యు వివరాలను పోల్చే లక్ష్యంతో గ్యాప్-ఇండియా అనే అధ్యయనాన్ని పరిశోధకులు 2020లో ప్రకటించారు.

ఇక నిధుల సంగతి. ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. భారత పార్లమెంటు సభ్యుడు తలచుకున్నా ఏ శాఖకూ ఒక్క రూపాయి అదనంగా మంజూరు చేయించలేడు. రాజ్యాంగంలోని 113వ అధికరణం ప్రకారం, ప్రభుత్వం కోరిన గ్రాంటును లోక్‌సభ ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం లేదు. రాష్ట్రపతి సిఫారసు లేనిదే గ్రాంటు కోరడానికే వీల్లేదు.

అమెరికాలో సంగతి వేరు. అక్కడ ఏ సంస్థకు ఎంత ఇవ్వాలో కాంగ్రెసే నిర్ణయిస్తుంది. అందువల్ల రోగుల సంఘాలు నేరుగా సభ్యుల వద్దకే వెళతాయి. ఈ వ్యాధితోనే పదవి వదులుకున్న అరిజోనా ప్రతినిధి మోరిస్ ఉడాల్ పేరుతో 1997లో పార్కిన్సన్స్ పరిశోధన చట్టం వచ్చింది. నటుడు మైకేల్ జె. ఫాక్స్ 1999లో సెనేట్ కమిటీ ఎదుట హాజరైనప్పుడు, వ్యాధి అసలు రూపం సభ్యులకు కనిపించాలని మందు వేసుకోకుండా వెళ్లారు. 2024 జూలైలో జాతీయ పార్కిన్సన్స్ ప్రణాళిక చట్టంపై అధ్యక్షుడు బైడెన్ సంతకం చేశారు. ఆ చట్టం కూడా తనంతట తాను కొత్త నిధులేమీ ఇవ్వదు. ప్రణాళికను, సలహా మండలిని మాత్రమే తప్పనిసరి చేస్తుంది.

భారతదేశంలో సభ్యుడి బలం ప్రశ్నలోను, స్థాయీ సంఘంలోను ఉంది. ఏటా ఫిబ్రవరిలో బడ్జెట్ సమర్పించిన తరువాత ఉభయ సభలకు విరామం ఇస్తారు. ఆ వ్యవధిలో స్థాయీ సంఘాలు శాఖలవారీగా గ్రాంట్లను పరిశీలిస్తాయి. ఒక్కో సంఘంలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. వారి సిఫారసులకు ప్రభుత్వం కట్టుబడనక్కరలేదు గానీ, తీసుకున్న చర్యలపై సమాధానం ఇవ్వాలి. చిక్కేమిటంటే పార్కిన్సన్స్ ఒక్క సంఘం పరిధిలో లేదు. వైద్య పరిశోధన మండలి ఆరోగ్య శాఖకు సంబంధించినది. మానేసర్ కేంద్రానికి నిధులిచ్చే బయోటెక్నాలజీ విభాగం శాస్త్ర, సాంకేతిక శాఖ కిందికి వస్తుంది. వైకల్యం విషయం సామాజిక న్యాయ శాఖది. విజ్ఞాపన ఏ సంఘానికి వెళ్లాలో తెలియకపోతే అది దారిలోనే ఆగిపోతుంది.

2025-26 బడ్జెట్‌లో ఆరోగ్య మంత్రిత్వ శాఖకు కేటాయించిన సుమారు 99,859 కోట్ల రూపాయల్లో ఆరోగ్య పరిశోధన విభాగం వాటా సుమారు 3,901 కోట్లు, అంటే నాలుగు శాతం లోపే. అందులో పార్కిన్సన్స్ పేరిట వేరే పద్దు లేదు. కాబట్టి నిధులు పెంచమని కోరడానికి ముందు, ఎంత ఖర్చవుతోందో చెప్పించడం అవసరం. గత ఐదేళ్లలో ఈ వ్యాధిపై ఎన్ని ప్రాజెక్టులకు ఎంత సొమ్ము ఇచ్చారన్న లిఖితపూర్వక ప్రశ్న ఒక్క సభ్యుడు వేసినా చాలు, జవాబు సభ రికార్డుకు ఎక్కుతుంది. అంతవరకు ఆగలేనివారు పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు.

సభ్యులను ఒప్పిస్తే ఫలితం ఉంటుందనడానికి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఒక నిదర్శనం. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండగా, కొత్త చట్టం వాటిని 21కి పెంచింది. పార్కిన్సన్స్ పేరు అందులో స్పష్టంగా చేరింది. ఉద్యోగ రిజర్వేషన్ల జాబితాలో మాత్రం దానికి చోటు దక్కలేదు. పునరావాసానికి తోడ్పడే పరిశోధనను ప్రభుత్వం చేపట్టాలని 28వ సెక్షన్ చెబుతోంది. వినతిపత్రాలు రాసేవారు ఈ సెక్షన్‌ను ఎందుకో అంతగా ఉపయోగించుకోవడం లేదనిపిస్తుంది. నాడీ సంబంధ వ్యాధులపై ప్రపంచ ఆరోగ్య సభ 2022లో ఆమోదించిన కార్యాచరణ ప్రణాళిక మరో ఆధారం. ఈ రంగంలో ప్రపంచ పరిశోధన ఫలితాలు 2031 నాటికి రెట్టింపు కావాలన్నది దాని లక్ష్యాల్లో ఒకటి.

ద్వారకలో ఓటున్న తెలుగువారికి ఎంపీ పశ్చిమ ఢిల్లీ సభ్యుడో, సభ్యురాలో అవుతారు. స్వస్థలంలో బంధువులున్నవారికి మరో దారి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభలో 42 స్థానాలు, రాజ్యసభలో 18 స్థానాలు ఉన్నాయి. ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి గనుక, సమావేశాలు మొదలయ్యాక కలిస్తే ఆలస్యమైనట్లే. నిధుల పెంపు కోరేవారికి సమయం ఇంకా ముందే వస్తుంది. వచ్చే ఏడాది అంచనాలపై ఆర్థిక శాఖ ఇతర శాఖలతో అక్టోబరు నుంచే చర్చలు ప్రారంభిస్తుంది.

లోక్‌సభకు పిటిషన్ సమర్పించే హక్కు పౌరులకు ఉంది. దాన్ని సభ్యుడి ద్వారా గానీ, నేరుగా సెక్రటరీ జనరల్‌కు గానీ పంపవచ్చు. తెలుగులో రాసినా చెల్లుతుంది. హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేసి, దాని కింద కూడా సంతకం చేయాలి.