బొమ్మ అరువు, ఎత్తు సొంతం

కర్ణాటకలోని పావగడలో నా దగ్గర కంప్యూటర్ నేర్చుకునే పిల్లలకు ఏ కొత్త ఆట చూపించినా ముందు వచ్చే మాట ఒకటే: "ఇది కాపీ సార్." దేనికి కాపీ అంటే వెంటనే చెబుతారు. ఫలానా ఆటలో కోటగోడ అచ్చం ఇట్లాగే ఉంటుందట, ఫలానా దాంట్లో రాక్షసులదీ ఇదే పచ్చరంగట. వాళ్ల చూపు చురుకైనదే. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. కాపీ కొట్టింది బొమ్మనా, ఎత్తునా? నన్నడిగితే వ్యూహాల ఆటల్లో సొంతతనమంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

ఈ ఆటలు ఎరగనివారి కోసం రెండు మాటలు. వ్యూహాల ఆటలో మన చేతికి ఒక రాజ్యాన్ని ఇస్తారు. భూమి, ధనం, సైన్యం అన్నీ కొద్దికొద్దిగానే ఉంటాయి. ముందు బావి తవ్వాలా, బురుజు కట్టాలా? పక్కవాడితో పొత్తా, పోరా? తేల్చుకోవాల్సింది మనమే. ఆ రాజ్యాన్ని వేరే గ్రహం మీద పెడితే సైన్స్ ఫిక్షన్ అంటారు. మాంత్రికులనూ రాక్షసులనూ దింపితే మన జానపద సినిమాల దారి. వేషం ఏదైనా లోపల నడిచేవి నియమాలే.

వేషాల అరువు చాలా పాతది. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో 'డ్యూన్' నవల అచ్చువేశాడు. అందులో ఒక ఎడారి గ్రహం, అక్కడ తప్ప ఎక్కడా దొరకని 'స్పైస్' అనే పదార్థం, దానికోసం వంశాల మధ్య కొట్లాట. 1950లలో ఆయన అమెరికాలోని ఒరెగాన్ తీరానికి వెళ్లాడు. కదిలిపోయే ఇసుక దిబ్బలను గడ్డి నాటి ఆపుతున్నారని విని, దాని మీద వ్యాసం రాద్దామని వెళ్లిన మనిషి. ఆ ఇసుకే చివరికి నవల అయింది. దిబ్బలు మనకేం కొత్త? అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరుకు పోతే హగరి ఇసుక చేల మీదికి ఎట్లా ఎక్కుతోందో కంటితో చూడొచ్చు. దాన్ని చూసి గ్రహాన్ని ఊహించిన తెలుగు రచయిత కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను.

1992లో వెస్ట్‌వుడ్ స్టూడియోస్ ఆ నవల పేరు మీదే 'డ్యూన్ 2' అనే కంప్యూటర్ ఆట తెచ్చింది. ఒక బండి ఇసుకలో తిరిగి స్పైస్ పోగుచేసుకొస్తుంది. అది డబ్బవుతుంది, డబ్బుతో ట్యాంకులు వస్తాయి. రెండేళ్లకు, 1994లో, బ్లిజార్డ్ సంస్థ 'వార్‌క్రాఫ్ట్' తెచ్చింది. స్పైస్ స్థానంలో బంగారం, కలప వచ్చాయి. ట్యాంకుల స్థానంలో మనుషులు, ఓర్కులనే రాక్షసులు వచ్చారు. ఆ ఆటను తయారుచేసినవారిలో ముఖ్యుడైన ప్యాట్రిక్ వయాట్ తమకు ప్రేరణ డ్యూన్ 2 అని దాచకుండా రాశాడు. డ్యూన్ 2లో ఒక్కో బండికి విడివిడిగా ఆజ్ఞ ఇవ్వాలి. వార్‌క్రాఫ్ట్‌లో నలుగురిని కలిపి పట్టుకుని ఒకేసారి పంపొచ్చు. వినడానికి చిన్న మార్పు. ఆడేవాడికి మాత్రం అక్కడినుంచి బంట్ల గుంపు కాస్తా దండు అయింది.

ఇక ఆ ఓర్కులు ఎక్కడివి? టోల్కీన్ నవలల నుంచి బల్లల మీద ఆడే బొమ్మల యుద్ధాల్లోకి, 1983లో వచ్చిన 'వార్‌హామర్' లాంటి వాటిలోకి వచ్చి, అక్కడినుంచి కంప్యూటర్‌లోకి దిగినవి. పోనీ టోల్కీన్‌దైనా అంతా సొంతమా అంటే, గాండాల్ఫ్ పేరునూ మరుగుజ్జుల పేర్లనూ ఆయన పాత నార్స్ కావ్యాల్లోంచి తీసుకున్నాడు. 1974 నాటి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో హాబిట్లనే పొట్టివాళ్లు ఉండేవారు. టోల్కీన్ హక్కులున్నవారు హెచ్చరించాక ఆ పేరు తీసేసి హాఫ్లింగ్ అని పెట్టారు. పేరు మారినా ఆడే తీరు ఇసుమంతైనా మారలేదు. పొట్టివాడు పొట్టివాడిగానే దొంగచాటుగా నడుస్తూ ఉండిపోయాడు.

1998 నాటి 'స్టార్‌క్రాఫ్ట్' దగ్గర కొంచెంసేపు ఆగాలి. బొమ్మల్లో దానికంటే ఎక్కువగా అరువు తెచ్చుకున్న ఆట అరుదు. ఇనుప కవచాల సైనికులు, వాళ్ల మీదికి మిడతల దండులా వచ్చే జెర్గ్ పురుగులు కనబడగానే తెలిసినవాళ్లు 'వార్‌హామర్ 40,000' పేరు తలుచుకుంటారు. దానికీ వెనక 1959లో రాబర్ట్ హైన్‌లైన్ రాసిన 'స్టార్‌షిప్ ట్రూపర్స్' నవల ఉంది. అయినా అది సొంత ఆటేనని నేను గట్టిగా చెబుతాను. అందులో మూడు జాతులు, మూడింటికీ వేర్వేరు బతుకులు. మనుషుల కట్టడాలు కొన్ని నేలనుంచి లేచి గాల్లో ఎగిరి మరోచోట దిగుతాయి. జెర్గ్ జాతిలో పనిచేసే పురుగే తన ఒంటిని కట్టడంగా మార్చుకుంటుంది, అంటే ఇల్లు కట్టిన ప్రతిసారీ ఒక పనివాడు పోతాడు. పైగా వాళ్ల కట్టడాల్లో చాలావాటికి జిగురు పాకిన నేల ఉండాలి. ప్రొటాస్ అనే మూడో జాతి కట్టడాల్లో చాలావాటికి దగ్గర్లో శక్తిస్తంభం నిలవాలి, దాన్ని శత్రువు కూల్చాడంటే చుట్టూ ఉన్నవి పనిచేయడం మానేస్తాయి. మూడు రకాలుగా ఆలోచించడం నేర్చుకుంటే తప్ప ఆ ఆట రాదు. బొమ్మ ఎవరిదైతేనేం, ఆ ఆలోచన వాళ్లది.

గాంధీగారి విషయం చూడండి. 1991లో సిడ్ మేయర్ తయారుచేసిన 'సివిలిజేషన్' ఆటలో భారతదేశానికి నాయకుడు ఆయనే. లెక్కలో పొరపాటు వల్ల ఆ గాంధీ అణుబాంబులు వేసేవాడని ఒక కథ ప్రపంచమంతా పాకింది. అదేమీ నిజం కాదని మేయర్ 2020లో తన ఆత్మకథలో రాశాడు. నా బాధ బాంబుల గురించి కాదు. ఆ తొలి ఆటలో గాంధీ ఒక ముఖం మాత్రమే. సత్యాగ్రహం అనే ఎత్తు అక్కడ లేదు. పాతికేళ్ల తర్వాత, 2016 నాటి ఆరో భాగంలో దాన్ని నియమంగా తెచ్చారు. గాంధీ మీద యుద్ధానికి దిగిన రాజ్యంలో ప్రజల విసుగు రెండింతలు పెరుగుతుంది. కొట్టినవాడి ఇల్లే లోపల్నుంచి కదులుతుందన్నమాట. ఆ రోజుకు గానీ ఆయన ఆటలోకి రాలేదని నేనంటాను.

చట్టం కూడా దాదాపు ఇదే గీత గీసింది. 'హమ్ హిందుస్తానీ' నాటకానికీ 'న్యూ ఢిల్లీ' సినిమాకూ మధ్య వచ్చిన ఆర్.జి. ఆనంద్ కేసులో, ఆలోచన మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని, దాన్ని చెప్పిన తీరుకే రక్షణ అని సుప్రీంకోర్టు 1978లో తేల్చింది. కోల్‌కతా అన్నదమ్ములు ఇంటర్నెట్‌లో పెట్టిన 'స్క్రాబ్యులస్' మీద స్క్రాబుల్ హక్కుదారు మాటెల్ కోర్టుకెక్కితే, 2008లో ఢిల్లీ హైకోర్టు ఆట నియమాలకూ పలకకూ కాపీరైట్ వర్తించదంది. పేరు మాత్రం వాడకూడదంది. ఆట నియమాలను కోర్టు అందరి సొత్తుగా వదిలేసింది కాబట్టి ఎవరైనా ఎవరి నియమాన్నైనా తీసుకోవచ్చు. తీసుకుని ఏం చేశావన్నది కోర్టు అడగదు. అది ఆడేవాళ్లం మనమే అడగాలి.

మన బాహుబలినే అడుగుదాం. 2017లో రెండో సినిమా వచ్చిన రోజుల్లోనే బెంగళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ 'బాహుబలి: ద గేమ్' విడుదల చేసింది. మాహిష్మతిని కాలకేయుల నుంచి కాపాడాలి, కోట కట్టాలి, సైన్యాన్ని తయారుచేయాలి, దాడికి పోవాలి. కట్టప్ప, దేవసేన ఫోన్ తెర మీద కనిపిస్తే మా ఊరి పిల్లలు పండగ చేసుకున్నారు, నాకూ సంతోషమైంది. అయితే ఆట నడక 2012లో ఫిన్లాండ్ సంస్థ సూపర్‌సెల్ తెచ్చిన 'క్లాష్ ఆఫ్ క్లాన్స్' వేసిన బాటే. మొదటి సినిమాలో కాలకేయులు బందీలను ముందు నిలబెట్టుకుని వస్తారు. భల్లాలుడు వాళ్లను నరుక్కుంటూ పోతాడు. బాహుబలి వాళ్లను కాపాడుతూ పోతాడు. శివగామి రాజును ఎంచుకునేది ఆ తేడా చూసే. తొందరగా గెలవడమా, జనాన్ని మిగుల్చుకోవడమా అన్న ఆ తగువును ఆటకు పునాది చేసి ఉంటే ప్రపంచంలో ఎక్కడా లేని తెలుగు ఆట తయారయ్యేదని నా నమ్మకం.

నియమాలకు మనకేమీ కరువు లేదు. పులిమేక ఆట తీసుకోండి. ఒక త్రికోణం, శిఖరం నుంచి కిందికి నాలుగు గీతలు, అడ్డంగా మూడు గీతలు, అడుగున ఒకటి. శిఖరం ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు, మొత్తం 23 చోట్లు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకను తినొచ్చు, మేక దూకలేదు. మేకలన్నీ ఒక్కొక్కటిగా పలక మీదికి వచ్చేదాకా ఏ మేకా కదలకూడదు. మా అవ్వ అరుగు మీద బొగ్గుతో గీసి, చింతగింజలు మేకలుగా, గులకరాళ్లు పులులుగా ఆడించేది. నేను పులికి భయపడి మేకను మూలకు తోస్తే, "దాని ఆకలి జూసి బెదరొద్దు నాయినా, దానికి దావ లేకుండా జెయ్" అనేది. రెండు పక్షాలకూ బలం వేరు, కదలిక వేరు, గెలుపు వేరు. స్టార్‌క్రాఫ్ట్‌ను లోకం మెచ్చుకున్నది ఈ గుణానికే, అది మా అరుగుల మీద ఎప్పటినుంచో ఉంది. నేపాల్‌లో దీని చుట్టం బాఘ్‌చాల్ నాలుగు పులులు, ఇరవై మేకలతో ఆడతారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నా ఇద్దరూ తమ లెక్క తాము కట్టుకున్నారు.

భారతంలోని అక్షౌహిణి కూడా అట్లాంటిదే. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాల్బంట్లు కలిస్తే ఒక పత్తి. మూడు పత్తులు ఒక సేనాముఖం. అట్లా మూడేసి రెట్లు ఏడుసార్లు పెంచి చివర పదిరెట్లు చేస్తే 21,870 రథాల అక్షౌహిణి అవుతుంది. ఒక్క రథానికి అయిదుగురు నడిచేవాళ్లు ఉండి తీరాలన్న నిష్పత్తి ఎంత పెద్ద నియమమో ఆలోచించండి. కాల్బంట్లు తగ్గితే రథం ఆగిపోయే ఆటను ఎవరైనా చేస్తే నేను రాత్రంతా ఆడతాను.

మా దగ్గర చదివే ఒక కుర్రాడు నోటుపుస్తకంలో సొంత ఆట గీసుకొచ్చాడు. పావగడ, వంద ఏళ్ల తర్వాత. ఆకాశం నుంచి శత్రువులు వచ్చి సోలార్ పార్క్‌ను పట్టుకుంటారు. అంతా స్టార్‌క్రాఫ్టే, అందులో తవ్వుకునే స్ఫటికాల బదులు సోలార్ పలకలున్నాయి, అంతే. చించేయమని నేను అనలేదు. "మన తిరుమణిలో ఆ భూమి ఎట్లా వచ్చింది, ఇంటికి పోయి అడుగు" అన్నాను.

నాగలమడక హోబళిలోని తిరుమణి, వల్లూరు వైపు అయిదు గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్క్ అది. 2018లో ప్రారంభమైంది. అక్కడ రైతు భూమిని అమ్మలేదు, కౌలుకిచ్చాడు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై రెండేళ్లకోసారి అయిదు శాతం పెరుగుతుంది. నేను చూసిన గ్రహాంతర రాజ్యాల ఆటల్లో చాలావరకు భూమిని గెలుచుకుంటారు, ఆక్రమిస్తారు. కౌలుకు తీసుకుని, పెరుగుతూ పోయే బాడుగ కడుతూ, గడువు తీరాక హక్కుదారు ఏమంటాడోనని లెక్కలు వేసుకునే సామ్రాజ్యం నాకు కనబడలేదు. ఆ కుర్రాడి కళ్లు పెద్దవయ్యాయి.

ఆట మారిపోయింది. ఇప్పుడు పాత చార్టు వెనకవైపు గీసిన పలక మీద గవ్వలతో ఆడుతున్నారు. పగటి వంతులోనే పలకలు కరెంటు ఇస్తాయి. దుమ్ము పడితే సగమే ఇస్తాయి. కడగాలంటే నీళ్లు కావాలి, నీళ్లకు బోరు దించాలి, దించిన ప్రతిసారీ పక్క గడి బోరు ఎండుతుంది. ఆకాశం నుంచి వచ్చినవాళ్లు కూడా రైతు దగ్గర కౌలు మాట్లాడుకోవాల్సిందే. శత్రువుల బొమ్మలు మాత్రం ఇంకా జెర్గ్ పురుగులే. వాటిని అట్లాగే ఉండనిమ్మన్నాను.

పోయిన నెల తిరుమణి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఆట సగంలో ఆపేసింది. "సార్, భూమి లేనోళ్ల సంగతేమి? మా పెద్దమ్మోళ్లు చేన్లో కూలికి పోతాండ్రి. కౌలు దుడ్లు భూమి ఉన్నోళ్లకు వస్తాయి. ఈ ఆటలో మావోళ్లకు ఒక గవ్వ గూడా లేదే." ఆ మాటకు అందరం పలక వైపే చూస్తూ ఉండిపోయాం. మర్నాటికి కూలి గవ్వలు వచ్చాయి. ఇప్పుడు వాటికి పని చూపించని పక్షం మూడో సంవత్సరంలో ఒక వంతు వదులుకోవాలి. ఆ నియమం పెట్టాక ఎవరూ గెలవలేదు. కూలీలను పలకలు కడగడానికి పెడితే నీళ్లు చాలడం లేదు, పెట్టకపోతే వంతు పోతోంది. గొర్రెలు మేపే పని కూడా పెడదామని ఆ అమ్మాయి అంటోంది. పలకల కింద గడ్డి మొలిచే గడులు ఎన్ని ఉండాలో కుర్రాడు లెక్క వేస్తున్నాడు.