గర్భసంచిలోకి తొంగిచూసే దారులు

గర్భసంచి అనగానే బెలూన్‌లా ఉబ్బి ఉంటుందనుకుంటాం. నిజానికి అది ఖాళీ చేసి అటక మీద పెట్టిన గుడ్డసంచి లాంటిది. ముందుగోడ, వెనకగోడ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటి మధ్య చిన్న పాలిప్ (లోపొర మీద పెరిగే మెత్తటి కండ) ఉంటే, నలిగి పొరలో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడమే పరీక్షలకు అసలు చిక్కు.

నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే మొదట చేసేది యోనిమార్గం ద్వారా అల్ట్రాసౌండ్. ఇది లోపొర మందాన్ని కొలుస్తుంది. ముట్లుడిగాక రక్తం కనబడిన స్త్రీకి ఆ మందం 4 మిల్లీమీటర్లు దాటకపోతే క్యాన్సర్ అవకాశం చాలా తక్కువ. అయినా మళ్లీ మళ్లీ రక్తం కనబడితే పరీక్ష అక్కడితో ఆపరు. మందం ఎక్కువగా ఉంటే మాత్రం, పొర అంతటా పెరిగిందా, ఒకచోట పాలిప్ ఉందా అన్నది ఈ స్కాన్ ఒక్కోసారి తేల్చలేదు. పైగా నెలసరికి ముందు పొర ఎలాగూ దళసరిగానే ఉంటుంది. అందుకే నెలసరి వచ్చేవాళ్లు ఆ నెల రక్తం ఆగిన వెంటనే స్కాన్ తీయించుకోవడం మంచిది.

ఇక్కడే సెలైన్ స్కాన్ పనికొస్తుంది. సన్నని గొట్టంతో లోపలికి కాస్త సెలైన్ పంపి, అల్ట్రాసౌండ్ చేస్తారు. గోడలు విడిపోతాయి. నల్లటి నీటి మధ్య పాలిప్ తెల్లగా తేలుతుంది. మామూలుగా మత్తు అక్కర్లేదు. ఇంత తేలికైన పరీక్షకు రావాల్సినంత పేరు రాలేదనిపిస్తుంది.

పిల్లలు కలగనివారికి చేసే ట్యూబ్ టెస్ట్ (మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చెబుతుంది. సంచి లోపలి సంగతి మాత్రం నీడగానే చూపిస్తుంది. గాలిబుడగ కూడా అందులో పాలిప్‌లా కనబడవచ్చు.

హిస్టరోస్కోపీలో సన్నని కెమెరా గొట్టం లోపలికి వెళ్తుంది. డాక్టరు కంటితోనే చూస్తారు. అనుమానమున్న చోటునుంచే ముక్క తీస్తారు, చాలాసార్లు పాలిప్‌ను అప్పుడే తొలగిస్తారు. చూడకుండా గీకే డి అండ్ సిలో ఒకచోట ఉన్న పాలిప్ తప్పిపోవచ్చు. ఇలా కెమెరాతో పాలిప్‌ను మాత్రమే తీసే దారి ఉంది. అయినా 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తొలగింపు ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. సంచి తీసేద్దామన్న మాట వినబడినప్పుడు, లోపల ఉన్నది పాలిప్ మాత్రమేనా అని అడగడానికి ఈ లెక్క చాలు.

అలాగని కెమెరా అన్నీ చూడలేదు. దానికి లోపలి ఉపరితలమే కనబడుతుంది. ఫైబ్రాయిడ్ (కండర గడ్డ) గోడలోకి ఎంత దిగిందో కచ్చితంగా తెలియదు. సంచి మధ్యలో అడ్డుతెర ఉన్నా, సంచి పైనుంచే రెండు కొమ్ములుగా చీలి ఉన్నా లోపలినుంచి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా బయటి ఆకారంలో ఉంది. అది త్రీడీ అల్ట్రాసౌండ్‌లోనో ఎంఆర్ఐలోనో తెలుస్తుంది. అడ్డుతెరనైతే కెమెరాతో కోయవచ్చు. చీలిన సంచిని అడ్డుతెర అనుకుని కోస్తే గోడకే రంధ్రం పడవచ్చు.