కథ విని మూలిగిన మిత్రుడు

మీరు ఎంతో కష్టపడి ఒక కథ వ్రాశారనుకోండి. స్నేహితులను చుట్టూ కూర్చోబెట్టుకుని చదువుతున్నారు. సగంలో ఒకడు "అబ్బా, మళ్లీ ఇదేనా!" అని మూలిగాడు. అప్పుడు మీరేం చేస్తారు? కాగితాలు చింపేసి లేచిపోతారా? ఇంగ్లండులో ఒక గొప్ప రచయితకు ఇలాంటి అనుభవమే అయింది.

ఆయన పేరు టోల్కీన్. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ఆయన మిత్రుడు లూయిస్ కూడా అక్కడే మాడ్లిన్ కళాశాలలో సాహిత్యం చెప్పేవాడు. 1930 తరువాత 1949 దాకా, గురువారం రాత్రుళ్లు లూయిస్ గదిలో కొందరు మిత్రులు చేరేవారు. తమకు "ఇంక్లింగ్స్" అని పేరు పెట్టుకున్నారు. ఇంకు అంటే సిరా అని మీకు తెలుసు. ఇంక్లింగ్ అంటే మనసులో లీలగా తోచే ఊహ. పేరు భలే కుదిరింది కదూ!

లూయిస్ అన్నగారు వారెన్ చిక్కటి టీ కాచి అందరికీ పోసేవాడు. పెద్దలంతా పైపులు ముట్టించేవారు. ఎవరైనా ఏమైనా వ్రాసి తెచ్చారా అని లూయిస్ అడిగేవాడు. ఎవరో ఒకరు కాగితాలు తీసి చదివేవారు. బాగుంటే మెచ్చుకునేవారు. బాగుండకపోతే మొగమాటం లేకుండా చెప్పేసేవారు.

టోల్కీన్ 1937 చివర "లార్డ్ ఆఫ్ ద రింగ్స్" అనే పెద్ద కథ మొదలుపెట్టాడు. పన్నెండేళ్లు పట్టింది! ఆయన గొణుగుతున్నట్టు చదివేవాడట. అందుకని కొడుకు క్రిస్టఫర్ చేత చదివించినప్పుడు అందరికీ హాయిగా ఉండేది. కాని హ్యూగో డైసన్ అనే మిత్రుడికి మాత్రం ఆ కథ బొత్తిగా గిట్టేది కాదు. చివరకు, డైసన్ ఉన్నప్పుడు ఆ కథ చదవడమే మానుకోవలసి వచ్చింది. పాపం, టోల్కీన్‌కు ఎంత కష్టమనిపించిందో! లూయిస్ అలా కాదు. తప్పులు ఎంచేవాడు, మరుక్షణమే తరువాతి ప్రకరణం ఏదని అడిగేవాడు. ఆయన అలా వెంటబడి ఉండకపోతే ఆ పుస్తకం పూర్తయ్యేదే కాదని టోల్కీనే చెప్పాడు.

యుద్ధం ముగిశాక కూడా ఇంగ్లండులో ఆహారానికి కటకటగా ఉండేది. 1954 దాకా రేషను తప్పలేదు. అమెరికాలో ఒక వైద్యుడు లూయిస్‌కు పొగబెట్టిన పంది మాంసం పార్సెళ్లలో పంపేవాడు. లూయిస్ దానితో మిత్రులందరికీ విందు చేసేవాడు. 1948లో అందరూ కలిసి సంతకాలు చేసి ఆ వైద్యుడికి కృతజ్ఞతగా ఉత్తరం వ్రాశారు.

నడకంటే లూయిస్‌కు ప్రాణం. టోల్కీన్‌తో నడవటమే చిక్కు: ప్రతి చెట్టు దగ్గరా ఆగిపోయేవాడు! కళాశాల ఆవరణలో ఏటి పక్కనే చెట్ల నీడన ఒక కాలిబాట ఉంది. 1931 సెప్టెంబరు 19 రాత్రి భోజనాలయాక లూయిస్, టోల్కీన్, డైసన్ ముగ్గురూ ఆ బాటన తిరుగుతూ పురాణకథలలో సత్యం ఉందా అని మాట్లాడుకున్నారు. మన దేశంలో ఆకులు శిశిరంలో రాలుతాయి. అక్కడ శరత్తులోనే రాలుతాయి. గాలి ఆడని ఆ రాత్రి హఠాత్తుగా ఒక్క విసురు వచ్చింది. టపటపా ఆకులు రాలాయి. వాన పడుతోందేమో అనుకున్నారు! ముగ్గురూ ఊపిరి బిగబట్టి నిలబడిపోయారట. ఆ తరువాత మాటలు తెల్లవారుజాము దాకా సాగాయి.

ఇంకొక విమర్శకుణ్ణి గురించి చెప్పాలి. అతనికి పదేళ్లు! పేరు రేనర్ అన్విన్. తండ్రి పుస్తకాలు అచ్చువేసే వ్యాపారి. 1936లో టోల్కీన్ వ్రాసిన "హాబిట్" అనే కథ ప్రతిని తండ్రి ఇతనికిచ్చి చదవమన్నాడు. అయిదు మొదలు తొమ్మిదేళ్ల పిల్లలకు నచ్చుతుందని రేనర్ తీర్పు వ్రాసి ఇచ్చాడు. (తనకు పదేళ్లు మరి!) కూలి ఒక షిల్లింగు. మరుసటి ఏడు పుస్తకం అచ్చయింది.

రేనర్ పెద్దవాడై తండ్రి వ్యాపారంలోనే చేరాడు. "లార్డ్ ఆఫ్ ద రింగ్స్" అచ్చువేస్తే వెయ్యి పౌన్లు నష్టం రావచ్చుననీ, అయినా అది గొప్ప గ్రంథమనీ తండ్రికి వ్రాశాడు. తండ్రి సరేనన్నాడు. 1954, 1955లలో అది మూడు సంపుటాలుగా వెలువడింది. నష్టం రాలేదని వేరే చెప్పాలా!